ఠాణా బీరువాలో ఉన్న నా పిస్టల్ గురించి

గౌరవనీయులైన జిల్లా ఉన్నతాధికారి గారి సముఖమునకు,
కోరుట్ల నివాసి, పిస్టల్ షూటింగ్ క్రీడాకారిణి ఆడెపు ప్రవీణ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఎన్నికల సందర్భముగా జమ చేసిన నా క్రీడా పిస్టల్‌ను, వివాహము వలన జిల్లా మారినదన్న కారణముతో తిరిగి ఇవ్వకపోవుట గురించి.

1. నా పుట్టినిల్లు సిరిసిల్ల. మా నాన్న మార్కండేయులు గారు సాంచాలు, అనగా మరమగ్గాలు నడుపుతారు. ఆ మోతలో పెరిగినందున పక్కన ఎవరు కాల్చినా నా చేయి అదరదని మా కోచ్ అనేవారు. ఇరవై ఐదు మీటర్ల పిస్టల్ పోటీలో రాష్ట్రస్థాయిలో మూడు పతకములు పొందియున్నాను. పిస్టల్ లైసెన్సు పుట్టింటి చిరునామా మీద ఉన్నది.

2. నిరుడు ఎన్నికలకు ముందు, లైసెన్సు ఆయుధములన్నీ జమ చేయవలెనన్న ఆదేశము ప్రకారము పిస్టల్‌ను సిరిసిల్ల ఠాణాలో అప్పగించి రసీదు తీసుకొంటిని. ఆ నెలలోనే కోరుట్లకు చెందిన రాకేశ్ గారితో నా వివాహము జరిగినది. రేషన్ కార్డు కొరకు ఆధార్‌లో చిరునామా మార్పించుకొంటిని. నేను చేసిన తప్పు ఏదైనా ఉన్నదంటే అది ఇదే.

3. ఎన్నికలు ముగిసినాక పిస్టల్ కొరకు పోగా ఠాణా రైటర్ గారు ఆధార్ చూసి, "నువ్విప్పుడు గా జిల్లా మనిషివైనవమ్మా. లైసెన్సు గక్కడ ఎక్కించుకొని కాయితం తే, ఇస్త" అన్నారు. కోరుట్లకు జిల్లా కేంద్రమైన జగిత్యాలలో సంబంధిత క్లర్కు గారు, "పిస్టల్ చూడకుండ లైసెన్సు ఎట్ల ఎక్కిస్తం? ముందుగాల పిస్టల్ తెచ్చి చూపెట్టుండ్రి" అన్నారు. ఈ మాట అక్కడ చెప్పితిని. ఆ మాట ఇక్కడ చెప్పితిని. ఇప్పటికి పదకొండు సార్లు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడినారు, కూర్చోమని కుర్చీ కూడా చూపినారు. ఎవరి మీద కోపపడవలెనో నాకు తెలియుట లేదు.

4. గడిచిన ట్రయల్స్‌లో, కోచ్ సమక్షమున, స్నేహితురాలు అనూష పిస్టల్‌తో కాల్చితిని. పిస్టల్ పిడి ఎవరి చేతికి తగినట్టు వారు చెక్కించుకొనునది. ఆమె అరచేయి పెద్దది. నాలుగు పాయింట్ల తేడాతో ఎంపిక తప్పినది. వచ్చే నెల పద్దెనిమిదిన మళ్లీ ట్రయల్స్ ఉన్నవి. ఇది కూడా తప్పితే జట్టులో నా పేరు ఉండదని కోచ్ చెప్పినారు.

5. ప్రస్తుతము ప్రతి ఉదయము ఇస్త్రీపెట్టెను చేయి చాపి పట్టుకొని, గోడకు అంటించిన బొట్టుబిళ్లకు గురి చూచుచున్నాను. మా అత్తగారు సరోజన గారు మొదట "గిదేం పిచ్చి బిడ్డా" అన్నారు. తరువాత ఒకనాడు తానే గోడ మీది క్యాలెండరు తీసి, "ఇగ అడ్డం లేదు, చూస్కో" అన్నారు. ఇంట్లో నన్ను ఆపేవారు ఎవరూ లేరు. అయినా కదలలేకపోవుచున్నాను.

6. కిందటి వారము కానిస్టేబుల్ గంగారాం గారు జాలిపడి ఠాణా బీరువా తెరిచి చూపినారు. బ్యారెల్ మీద పెసరగింజంత తుప్పు. "సార్, జర నూనె పెట్టుకోనియ్యుండ్రి" అని అడిగితిని. "నిన్ను ముట్టుకోనిస్తే నా నౌకరి పోతది బిడ్డా, చూసి పో" అన్నారు. చూసితిని. బస్టాండు దాకా నడిచి, అక్కడ కూర్చుండి ఏడ్చితిని. ఇది అర్జీలో రాయవలసినది కాదని తెలుసును.

కావున తాము రెండు జిల్లాల వారిని ఒక్కసారి ఒకే బల్ల వద్ద కూర్చుండబెట్టి నా పిస్టల్ ఇప్పించగలరు. అది వీలుకాని యెడల, వారమునకొకసారి ఆ ఠాణాలోనే, పోలీసు వారి ఎదుట, నా చేతితో నూనె పెట్టుకొనుటకైనా అనుమతి ఇవ్వగలరు.

ఈ విన్నపమును కట్టలో కట్టక చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
ఆడెపు ప్రవీణ, కోరుట్ల

మరొక మాట: పై అర్జీ నా భర్త చేతిరాత. ఇది మాత్రము ప్రజావాణిలో అర్జీలిచ్చే లైనులో నిలబడి నేను రాస్తున్నాను. ఏడవ అంశము ఒకటి ఉండవలసినది. క్లర్కు గారు ఒకసారి నవ్వుతూ, "విడాకుల కాయితం పెట్టుండ్రి, పాత అడ్రసు మీదనే పనైతది" అన్నారు. అది కూడా రాయమంటే రాకేశ్ కలం ఆపి, "నవ్వులాటకన్నదే గదా?" అని అడిగినారు. నేను బస్సులో కోరుట్ల దాకా అదే ఆలోచించినానని చెప్పితిని. ఆయన చెప్పులు వేసుకొని బయటికి పోయినారు. తిరిగివచ్చి, "గట్ల చేస్తే పద్దెనిమిదో తారీకులోపట ఇస్తరా?" అన్నారు. ఇప్పుడు లైనులో నా వెనుకనే నిలబడి, నా పతకాల సర్టిఫికెట్లు వానకు తడవకుండా అంగీ లోపల పెట్టుకున్నారు.