లద్ది ఎత్తాలి, పరచకూడదు

నాన్నా,

చూడిగుర్రం ఈ పొద్దున కూడా మేత ముట్టలేదు. పొట్ట తప్ప ఒంట్లో కండ లేదు. దాని లద్ది డబ్బాలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. పురుగే అయి ఉంటుంది. ఈనేలోపు తేరుకోకపోతే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కరు.

నువ్వు లేచాక పై చేలో లద్ది ఎత్తి, షెడ్డు వెనక కుప్పలో పొయ్యి. పైన పట్టా కప్పు. కుప్ప లోపల బాగా వేడెక్కితేనే పురుగు చస్తుంది, వాన దిగితే చల్లారిపోతుంది. పొడుగు కర్ర దంతెతో మాత్రం మళ్ళీ చేనంతా పరచకు. మండుటెండలో అయితే లద్దిలోని పురుగు గుడ్లు మాడిపోయేవి. చలికి చావవు, అది మేసే గడ్డికంతా అంటుకుంటాయి. నెల కిందట ఇదే చెప్పబోతే "ఈ చలికి మనమే చచ్చేట్టున్నాం, పురుగెంత?" అన్నావు. నవ్వి ఊరుకున్నాను. తప్పు నాది కూడా.

అన్నం పొయ్యి మీదే ఉంది.

వంగలేకే దంతె పట్టావని నాకు తెలుసు. నడుం నొప్పని ఒక్క మాట చెప్పాల్సింది నాన్నా. గేటు వైపంతా ఎత్తేశాను. మిగిలింది నీ వల్ల అయినంతే ఎత్తు.