మైకులో అమ్మ జబ్బు

2003, గురువారం. బందరు.

అమ్మ మెడ మీది గడ్డకు చేసిన పరీక్ష ఫలితం రాకముందే మా బావ చర్చిలో మైకు పట్టుకుని, "మా అత్తమ్మకు క్యాన్సరండి, అందరూ ప్రార్థించండి" అన్నాడు. ఆ ఆదివారం నుంచి వీధంతా అమ్మను చూసి కళ్లు తుడుచుకుంటోంది.

ఇవాళ గుడివాడలో డాక్టరు గారు ఆ గడ్డ క్యాన్సర్ కాదన్నారు. బస్టాండులో అమ్మ అడిగి మరీ ఇడ్లీ తింది. హమ్మయ్య.

ఇన్నాళ్లూ నాకు నిద్ర లేకుండా చేసింది క్యాన్సర్ గురించిన లైబ్రరీ పుస్తకం. కణం రెండుగా చీలాలంటే కొన్ని ప్రోటీన్లు పదమంటాయి, కొన్ని ఆగమంటాయి. మా రోల్డ్‌గోల్డ్ షాపులో సరిచూసే మావయ్య ఊఁ అంటేనే గొలుసు బంగారు పూతకు వెళ్తుంది. కణంలోనూ అలా ఆపి సరిచూసే ప్రోటీన్లున్నాయి. అవి చెడిపోతే కణాలు అదుపు లేకుండా పెరిగిపోతాయట. అమ్మకు అవే చెడ్డాయేమోనని వణికిపోయాను. అంత చెడు జరగలేదు. మరి ఆ గడ్డ అసలెందుకు లేచిందో...

సాయంత్రం బావకు చెప్తే, "చూశావా, ప్రార్థన పనిచేసింది!" అన్నాడు.

"పనిచేస్తే మంచిదే. లేని క్యాన్సర్ నువ్వెందుకు తగిలించావు బావా?"

"అల్లుణ్ణి అలా అనకురా" అంది అమ్మ, నవ్వాపుకుంటూ.

నేను ఊరుకోను. ఈ ఆదివారం అదే మైకులో "క్యాన్సర్ కాదు, నేనే తొందరపడ్డాను" అని బావ చెప్పాలి. చెప్తాడో లేదో శనివారం సాయంత్రంలోగా నాకు తేల్చాలి.