చాల్ అంటే చాలు కాదు

ఖుర్సీపార్, భిలాయి
ఆదివారం

అప్పకీ బావకీ తమ్ముడు సింహాచలం దండాలు.

నేను బాగున్నాను. కాళ్ళూ చేతులూ ఉన్నాయి, రెండు పూటలా తింటున్నాను, కాబట్టి బాగున్నట్టే. నువ్వెలా ఉన్నావు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి పోతున్నారా? బావని బీడీలు తగ్గించమను, నేను చెప్పానని చెప్పకు.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, షెడ్డులో వాళ్ళు పనాపి మరీ వింటారు. ఇంకో కారణం కూడా ఉంది, చివర్లో రాస్తాను.

ఇక్కడి ఎండ మన ఎండ కాదు. చెమటైనా పట్టదు, ఒళ్ళు పెంకులా ఎండిపోతుంది. జాముల్ వైపు నుంచి గాలి కొడితే ఆరేసిన చొక్కా మీద సిమెంటు దుమ్ము. అన్నం నేనే వండుకుంటున్నాను. చేపలు దొరుకుతాయి, అన్నీ చెరువు చేపలే, మట్టి వాసన. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు మెత్తళ్ళు పంపు. నేను బాగానే ఉన్నాను, మెత్తళ్ళు లేక చచ్చిపోను, అయినా పంపు.

ఇక సంగతి. అప్పలరాజు మామ నన్ను రమ్మన్నప్పుడు తన బళ్ళ రిపేరు షెడ్డులో కమాన్ల పని నాదే అన్నాడు కదా. అమ్మకి వేలువిడిచిన తమ్ముడు, మాట తప్పడనుకున్నాను. వచ్చిన మూడు నెలలూ చక్రాలు కడిగించాడు. నాలుగో నెలలో జీపు వచ్చింది.

అది జోసెఫ్ గారి జీపు. నరసాపురం వైపు మనిషి, ఉక్కు ప్లాంటులో రిటైరై సెక్టర్ 2లో ఉంటున్నారు. నాలుగు చక్రాలూ లాగే పాత బండి. ఏళ్ళ తరబడి పరదా కింద పడుంది. ఇంజను మామ చూసుకున్నాడు. కమాన్లు నాకిచ్చాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ ఉక్కు పట్టీలు తుప్పుతో ముద్దయిపోయి ఉన్నాయి. రెండు రోజులు డీజిల్ పోసి నానబెట్టినా బోల్టులు కదల్లేదు, చివరికి కోసి తీశాను. రాయపూర్ నుంచి కొత్త కట్టలు తెప్పించారు.

ఈ పని నాకెవడూ నేర్పలేదని నీకు తెలుసు. టెక్కలి రోడ్డు మీద లారీల కింద దూరి చూసీ, ఫోన్లో చూసీ నేర్చుకున్నాను. కమాను చివరి బోల్టులు బండి జాకీ మీద ఉండగా బిగించకూడదు. నేలకి దించి, బరువంతా కమాన్ల మీద పడ్డాకే బిగించాలి. లేకపోతే లోపలి రబ్బరు మెలితిరిగి చిరిగిపోతుంది. మామ పైనుండగానే బిగించెయ్యమన్నాడు. నేను ఒప్పుకోలేదు, దించాకే బిగించాను. ఆ రోజు నా అంతవాడు లేడనుకున్నాను, అప్పా. అక్కడే నాకు దెబ్బ తగిలింది.

ఇక మిగిలినవి కమాను కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు. నేను కింద పడుకుని పానా తిప్పుతున్నాను. మామ కొడుకు సన్నీ పక్కన కూర్చుని రాడ్డుతో కదిపి చూస్తున్నాడు. నా వయసు వాడే, ఇక్కడే పుట్టాడు. నాతో తెలుగూ హిందీ కలిపి కొడతాడు. డ్రైవరు వైపు బోల్టు దగ్గర వాడు, "చాల్ హై భాయ్, చాల్" అన్నాడు. ఫోను మోగితే బయటికి పోయాడు.

మనం ఇంట్లో సాలు అంటాం. వీడు భిలాయిలో పుట్టినవాడు కదా, పుస్తకంలోలాగా చాలు అంటున్నాడనుకున్నాను. పానా కింద పెట్టేశాను.

చాల్ అంటే ఇక్కడ మెకానిక్కుల భాషలో వదులు. ఇంకా ఆడుతోంది, బిగించు అని వాడన్నాడు. సరిపోయింది, ఆపెయ్ అని నేను విన్నాను.

మర్నాడు జోసెఫ్ గారు ముచ్చటపడి తనే తోలారు. సెక్టర్ 2 మలుపులో స్పీడ్ బ్రేకరెక్కగానే వదులుగా ఉన్న ఆ బోల్టు తెగి, ఇరుసు వెనక్కి జరిగింది. బండి పక్కకి లాక్కుపోయి చెట్టుకి కొట్టింది. ఆయన మణికట్టు విరిగింది.

షెడ్డులో సన్నీ చేతులు దులిపేసుకున్నాడు. "మైఁ తో బోలా థా, చాల్ హై అని చెప్పాను కదా. వీడే వదిలేశాడు" అన్నాడు. మామ నా వైపు చూసి, "చాల్ అంటే ఏటో తెలీదేట్రా నీకు? సాలు అనుకున్నావేటి?" అన్నాడు. అవునన్నాను. అబద్ధం చెప్పాల్సింది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆయన చెయ్యి విరిగింది, వీళ్ళకి నవ్వొచ్చింది.

ఆ రోజు నుంచి నా పేరు చాలూ. చాలూ, పానా తే. చాలూ, టీ తే. హిందీలో ఆ మాటకి జిత్తులమారి అని కూడా అర్థమట. అది తెలిసి టీ కొట్టువాడూ మొదలుపెట్టాడు. కమాన్ల పని తీసేసి మళ్ళీ చక్రాల దగ్గర కూర్చోబెట్టారు. తెలుగువాళ్ళ మధ్య ఉంటావు, భయం లేదని అమ్మ పంపింది. తెలుగు మాట విన్నందుకే నాకిది జరిగిందని అమ్మకి చెప్పకు.

మామ జోసెఫ్ గారికి కమాన్లే నాసిరకమని చెప్పాడని తెలిసి నాకు ఒళ్ళు మండింది. ఆ కమాన్లు మంచివి. నా చేత్తో ఎక్కించాను, నాకు తెలుసు. పొద్దున్నే సెక్టర్ 2కి నడిచిపోయాను. ఆయన వరండాలో చేతికి కట్టుతో కూర్చుని ఉన్నారు. కమాన్ల తప్పు కాదండీ, బోల్టు నేనే వదిలేశాను అన్నాను.

ఆయన ఎగాదిగా చూసి, "నువ్వేనా ఆ చాలూ గాడివి?" అన్నారు.

కథ నాకంటే ముందే చేరిపోయింది. అవునండీ అన్నాను. ఇంకేమంటాను?

"వదిలేసినోడే బిగించాలి. రేపు షెడ్డుకొచ్చి ఎదురుగా కూర్చుంటాను, బిగించు" అన్నారు.

అన్నట్టే వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. నాలుగు కట్టలూ మళ్ళీ విప్పాను, కొత్త బోల్టులు వేశాను, బండి దించాను, బిగించాను. రాడ్డు సన్నీకే ఇచ్చాను. ప్రతి బోల్టుకీ "చాల్ హై?" అని అడిగాను, వాడు "నహీఁ" అనేదాకా పానా దించలేదు. మామ తోలాడు, జోసెఫ్ గారు పక్కన కూర్చున్నారు. అదే స్పీడ్ బ్రేకరు మీద నాలుగుసార్లు ఎక్కించి దించారు. బండి గీత గీసినట్టు పోయింది. తిరిగొచ్చాక ఇంకోసారి అన్నీ బిగించాను.

ఆయన మంచి చేత్తో నా భుజం తట్టి, "శభాష్‌రా చాలూ" అన్నారు. మామ కూడా, "ఇకమీదట కమాన్ల పని చాలూగాడిదే" అన్నాడు.

పని తిరిగొచ్చింది అప్పా, పేరు రాలేదు. మెచ్చుకున్నా ఆ పేరుతోనే, తిట్టినా ఆ పేరుతోనే. నీ ఫోనొస్తే తప్ప నా పేరు నా చెవిన పడదు. నువ్వూ మాటమాటకీ "సాల్లే, ఇంటికి వచ్చీ" అంటావు. ఆ మాట నా దగ్గర అనకు. నేను రాను. ఈ పేరుతో రాను.

అమ్మ కాళ్ళకి నా దండం చెప్పు, నన్ను దీవించమను. పెద్దవాళ్ళందరినీ అడిగానను. పిల్లల్ని దగ్గరికి తీసుకో. నేను బాగున్నాను.

ఉత్తరం రాసిన రెండో కారణం ఇది. జవాబు ఫోన్లో చెప్పకు. రెండు ముక్కలైనా సరే రాసి పోస్టు చెయ్యి. కవరు మీద షెడ్డు పేరు కింద నా పేరు పెద్దపెద్ద అక్షరాలతో ఇంటిపేరుతో సహా బావ చేత ఇంగ్లీషులో రాయించు. ఇక్కడి పోస్టుమాను గుమ్మంలో నిలబడి పేరు గట్టిగా చదువుతాడు, ఎవరో పలికేదాకా కదలడు. నేను ఏదో ఒక బండి కింద ఉంటాను. వెంటనే పలకను. రెండుసార్లు పిలవనిస్తాను.

నీ తమ్ముడు
కొర్ల సింహాచలం