బూట్లు వేసుకునేటప్పుడు తుమ్ము

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కాల్గరీలో పొద్దుటి నుంచీ మంచు పడుతోంది.

పాపకు జలుబు వదలడం లేదని ఆఖరిసారి ఫోన్లో చెప్పాను కదా. అప్పట్లో నాకు పగలు కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్‌లో షిఫ్టు. నేను బూట్లు వేసుకునే వేళకు అది తుమ్మేది. డేకేర్‌లో అంటుకున్న జలుబే అనుకుని, సిరప్ తాగించి బస్సు కోసం పరిగెత్తేదాన్ని.

"నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు కూడా తుమ్ముతోందిటే?" అని అడిగావు.

"షిఫ్టుకి లేటవుతోందమ్మా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాను. తర్వాత ఎప్పుడో తుమ్ములు ఆగిపోయాయి. సిరప్ పనిచేసిందనుకున్నాను.

ఇవాళ బయల్దేరబోతూ నేనే తుమ్మాను. పాప పరుగున వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"సిట్ అమ్మా. తుమ్మితే వెళ్లకూడదు, వాటర్ తాగాలి. అమ్మమ్మ సెడ్."

విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరున్నప్పుడు నువ్వే నేర్పి ఉంటావు. కూర్చున్నాను. అది నా ఒళ్లోకెక్కి, "స్లోగా తాగు" అంది.

నువ్వడిగినదానికి ఇప్పుడు జవాబు చెబుతున్నానమ్మా. నేను ఇంట్లో ఉన్న రోజున అది ఒక్కసారి కూడా తుమ్మలేదు.