పాతరలోని తుపాకీ

7 ఆగస్టు 1984, మంగళవారం

ఇవాళ సంతలో రాయెక్కి గొంతు పోయేదాకా చెప్పాను. దుబారా చేసేవాళ్ళు సైతానుకు తోబుట్టువులని గ్రంథం చెబుతోంది. గుర్రాలెక్కి గాలిలోకి తుపాకీ మందు కాల్చడం దుబారా కాక మరేమిటని అడిగాను. కొందరు తలలూపారు. కొందరు దోసకాయలు బేరమాడుకున్నారు.

ఇంటికొస్తే తమ్ముడు బూషైబ్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అరువు తుపాకీ సొంతదారు వెనక్కి పట్టుకుపోయాడట. గుర్రాల పరుగు జరిగే మూసెమ్ జాతర 24న. తుపాకీ లేని గుర్రం గోధుమ బస్తాలు మోయడానికే పనికొస్తుందని దళపతి సి మీలూదీ అన్నాడట. పదిహేను మంది సవారుల వరసలో తమ్ముడి చోటు పోతుంది. ఆ చోటు ఒకప్పుడు నాన్నది.

నాన్న తుపాకీ ఏమైందన్నా అని అడిగాడు.

నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట, ఆ దుబారా వాక్యాన్ని మొదటిసారి నా అంతట నేనే కూడబలుక్కుని చదివిన రోజున, దాన్ని ఎండిన ధాన్యపు పాతరలో పడేసి మన్ను కప్పాను. ఎవరికీ చెప్పలేదు. నాన్నే అమ్ముకున్నాడని అమ్మ ఇప్పటికీ అనుకుంటోంది.

8 ఆగస్టు

తవ్వి తీశాను. ఎర్రటి కట్టెలా ఉంది. ముట్టుకుంటే పొలుసులు రాలుతున్నాయి. బూషైబ్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఇంకా ఎవరినైనా పాతిపెట్టావా అన్నా, ఇప్పుడే చెప్పేయ్, మళ్ళీ మళ్ళీ తవ్వలేను అన్నాడు. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చేత్తో మన్ను తుడిచింది. తిట్టినా బాగుండేది.

వాళ్ళు చేసిన పనులే వాళ్ళ గుండెలకు తుప్పై పట్టాయని గ్రంథంలో ఒక వాక్యం. ఎన్నిసార్లు చదివి వినిపించానో. అది నా గురించి అనుకోలేదు.

బాగు చేస్తానని మాటిచ్చాను. నాగలి కర్రులు చరిచే చేతులే కదా ఇవి.

10 ఆగస్టు

పట్నం పనివాడు కొత్తదానికి ఒక పడ్డ ఖరీదు చెప్పాడు. మా పడ్డ కరువులో పోయింది. కాబట్టి ఇంట్లో ఉన్నవే. గొట్టం అడుగు మర ఊడదీసి, ఒక కొనకు బిరడా బిగించి, నిండా వెనిగర్ పోశాను. పైన ఇటుక పొడి, ఆలివ్ నూనె, గోనెపట్టా. ట్రిగ్గర్, స్క్రూలు కిరోసిన్‌లో. కర్ర దిమ్మకు అక్రోటు తొక్కల రసం. మేక వెంట్రుకలతో బ్రష్ నేనే కట్టాను.

తుప్పు కింద వెండి పట్టీ మెరిసింది. చేతులకు ఈ పని ఇష్టంగా ఉంది. అదే నాకు భయంగా ఉంది.

13 ఆగస్టు

గొట్టంలోంచి చూస్తే అటువైపు వెలుగు కనబడింది.

15 ఆగస్టు

కనబడకపోయినా బాగుండేది. రెండో వెండి పట్టీని ఆకురాయితో ఊడదీశాను. కింద, మందు మండే చోటికి దగ్గరగా, వెంట్రుకంత గీత. నూనె రాసి, తుడిచి, సున్నం చల్లి టెస్ట్ చేశాను. కాసేపటికి తెల్లటి సున్నంలో నల్లటి గీత ఊరింది. లోపలిదాకా పగులుంది.

బూషైబ్‌ను పిలిచి చూపించాను. నీ ఆకురాయి జారిన గీత అది, గీతలో నూనె నిలవక ఎక్కడికి పోతుంది అన్నాడు. ఇరవై ఏళ్ళు మన్నులో దాచావు, ఇప్పుడు పగులులో దాస్తున్నావా అన్నాడు. తుపాకీ తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటున్నాను. ఆకురాయి జారిందా? జారలేదు. జారి ఉంటే తెలిసేది. తెలిసేదా?

17 ఆగస్టు

సి మీలూదీ ఇంటికి వెళ్ళాను. నేను సంతలో పేరు పెట్టి తిట్టిన మనిషి. పుదీనా టీ పోసి పూర్తిగా విన్నాడు. ఫకీహ్, గ్రంథం చదివినవాడివి, ఇరవై ఏళ్ళుగా తుపాకీలన్నీ సైతాను గొట్టాలన్నావు, ఇవాళ ఈ ఒక్కదానికి పగులంటున్నావు, రేపు నా గుర్రానికి కొమ్ములు మొలిచాయంటావు అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు.

ఒక్క మోతాదు మందివ్వు, తాడు కట్టి దూరం నుంచి పేల్చి చూస్తానన్నాను. మందు మైదానంలోనే, గుర్రం మీదున్న వాడి చేతికే ఇస్తాడు. అది వాళ్ళ కట్టుబాటు. తన తండ్రి కూడా దాన్ని తప్పలేదన్నాడు.

నేను నిజం చెబుతున్నాను. నమ్మేవాడు లేడు. నమ్మకుండా చేసిందీ నేనే.

20 ఆగస్టు

నిద్ర లేదు. తుపాకీ పేలేటప్పుడు చెంప పక్కనే ఉంటుంది. వాడికి ముప్పై ఏళ్ళు.

22 ఆగస్టు

మీ చేతులతో మిమ్మల్ని మీరు నాశనంలోకి తోసుకోకండి అని ఉంది. ఆ పేజీ తెరిచి పెట్టుకునే చేశాను.

బూషైబ్ గుర్రాన్ని కడగడానికి వెళ్ళినప్పుడు, నిప్పు లోపలికి దూరే సన్నటి బెజ్జంలో ఒక చుక్క సీసం కరిగించి పోశాను. పైన నిప్పు పుట్టించే రాగి టోపీ టప్పుమంటుంది, మందు అంటుకోదు. పదిహేను తుపాకీలు ఒకే మోతగా పేలాలి, అదే వాళ్ళ పరువు. ఆలస్యంగా పేలిన తుపాకీని పసిపిల్లలైనా పట్టేస్తారు. అసలు పేలనిదాన్ని ఎవరూ పట్టలేరు.

దేవుడా, ఇది అబద్ధమా?

24 ఆగస్టు, సాయంత్రం

వరసగా రాస్తాను.

మొదటి పరుగు. పదిహేను గుర్రాలు ఒకే గోడలా వచ్చాయి. ఒకే మోత. ఆడవాళ్ళ ఉలూలు కేకలు. పొగలోంచి బూషైబ్ నవ్వుతూ బయటికొచ్చాడు. తనదీ పేలిందనుకున్నాడు. నేను దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

అప్పుడు వాడు సి మీలూదీ ముందు అరచేయి చాచాడు. రెండో పరుగుకు మందు. గొట్టంలో పోసుకుని దట్టించాడు. మొదటిదాని మీద.

తొమ్మిది రోజులు పగులు గురించి ఆలోచించాను, రెండో పరుగు గురించి ఒక్కసారైనా ఆలోచించలేదు. మొదటి దెబ్బకే సీసం వదులై ఉంటే? ఈసారి నిప్పు దూరితే?

జనానికి అడ్డంగా కట్టిన తాడు కిందనుంచి దూరి మైదానంలోకి పరిగెత్తాను. ఫకీహ్, ఇవాళ మంగళవారం కాదయ్యా అని ఎవరో అరిచారు, జనమంతా నవ్వారు. గుర్రాలు అప్పటికే వరస కట్టాయి. వాటి ముందు నిలబడ్డాను. తప్పుకో, నీ ప్రసంగం తర్వాత వింటాం అన్నాడు సి మీలూదీ.

గ్రంథంలోని ఒక్క వాక్యమూ నోటికి రాలేదు. బెజ్జం నేనే మూశాను, లోపల రెండు మోతాదులున్నాయి అన్నాను. మళ్ళీ చెప్పాను. నవ్వులు ఆగాయి.

బూషైబ్ గుర్రం దిగి మందు దట్టించే కడ్డీని గొట్టంలోకి వదిలాడు. ఒక్క మోతాదుకు నిలవాల్సిన చోటికి బెత్తెడు పైనే నిలిచిపోయింది. వాడు కడ్డీని చూశాడు. నన్ను చూడలేదు.

సి మీలూదీ తుపాకీని రాళ్ళ దొడ్లో కట్టించి, బెజ్జంలో సీసాన్ని సూదితో పొడిపించి, ట్రిగ్గర్‌కు పొడవాటి తాడు కట్టించాడు. లాగారు. గొట్టం రెండో పట్టీ దగ్గరే విచ్చుకుంది.

చూశారా అనబోయాను. బూషైబ్ ముందే అన్నాడు: రెండు మోతాదులకు కొత్తదైనా పగులుతుంది.

28 ఆగస్టు, మంగళవారం

సంతలో రాయి ఎక్కలేదు. కర్రులు చరుస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం బూషైబ్ వచ్చి కొలిమి దగ్గర నిలబడ్డాడు. ఒక్క మోతాదుకైతే పగిలేదా అన్నా అని అడిగాడు.

తెలియదన్నాను.

వాడు కొలిమి తిత్తి తాడు అందుకున్నాడు.