అన్నకు తెలుగులో జవాబు

శుక్రవారం, రాత్రి

స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సెక్కానో లేదో, సరిహద్దు నుంచి అన్న ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే మా తండా భాషలో పలకరించాడు. పక్కన కాలేజీ స్నేహితురాళ్లున్నారు. సిగ్గేసి, టీవీ తెలుగులో "బాగున్నాను అన్నయ్యా, చెప్పండి" అన్నాను.

"ఏందే, అండి గిండి? నేనేమన్న మీ కాలేజీ సారునా?" అని మా భాషలోనే అడిగి నవ్వాడు. తర్వాత తనూ తెలుగులోనే, "రేపు పై పోస్టుకు పోతున్నం. ఆడ ఫోన్ కలవది. యాడిని పరేషాన్ కావద్దను" అని పెట్టేశాడు. అమ్మను 'యాడి' అనడం ఒక్కటే అందులో మా మాట. తిరిగి చూస్తే స్నేహితురాళ్లిద్దరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. రొట్టె తిప్పుతూ మా భాషలో అంది: "ఆడ మన మాట మాట్లాడేటోడు ఒక్కడు లేడంట బిడ్డా. కలల గూడ హిందీనే వస్తదంట. మన మాట ఇనేటందుకే నీకు ఫోన్ చేస్తడు. కడుపునిండ మాట్లాడినవా?"

"ఆ" అన్నాను.

"మంచిగైంది. పైన ఉన్నన్ని దినాలు ఇగ గదే వానికి సద్ది."

అమ్మ పడుకున్నాక అన్నకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, కలవడం లేదు. తెల్లారి వాళ్లు బయల్దేరేలోపు ఒక్కసారి మోగినా చాలు, మా భాషలో…