అక్క నైటీ పొడుగు

అక్కా, ఇక్కడ అందరం కులాసా, నాకే తల ఎత్తుకోలేకుండా ఉంది.

నిన్న ఎముకల డాక్టరమ్మ కోటు కుట్టించుకోవడానికి వచ్చి, నా కొలతల పుస్తకంలో నీ పేజీ చూసింది. నాలుగేళ్లలో నీ నైటీ పొడుగు రెండంగుళాలు తగ్గింది. "మా అక్క అప్పుడే ముసలమ్మలా వంగిపోతోందండీ" అని నవ్వాను. ఆవిడ నవ్వకుండా నీకేమైనా ఆపరేషన్ అయిందా అని అడిగితే, చెప్పాను. నీకు చేసినట్టు చిన్నవయసులోనే గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే, ఈస్ట్రోజెన్ అందక ఎముకలు గుల్లబారతాయట, రక్తనాళాలూ గట్టిపడతాయట. ఏటా అంచు మడిచి కుట్టాను గాని, ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఎముకలకీ గుండెకీ పరీక్షలు చేయించుకో. అందరికీ పోశాక మిగిలితే తాగడం కాదు, ముందు నీ గ్లాసులో పాలు పోసుకో. బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు నా ముద్దులు.

కొత్త కొలత రాసి పంపకు, నేనే వచ్చి తీసుకుంటాను. ఈసారి "నిటారుగా నిలబడక్కా" అని కసరను.

నీ చెల్లి